ఊపిరితిత్తి జన్యువులు: జాబితాలో ఉన్నవి, లేనివి, జబ్బు తెచ్చేవి

ప్రశ్న: బయోటెక్నాలజీలో పీజీ ప్రాజెక్టు చేస్తున్నాను. జీటెక్స్ (దాతల కణజాలాల్లో జన్యువుల వ్యక్తీకరణను కొలిచిన డేటాబేస్) నుంచి ఆర్‌ఎన్‌ఏ డేటా తీసుకుని, మిగతా కణజాలాల కంటే ఊపిరితిత్తిలో ఎక్కువగా వ్యక్తమయ్యే జన్యువులను టౌ సూచీతో (జన్యువు ఒకే కణజాలానికి ఎంత ప్రత్యేకమో చెప్పే అంకె) ఏరాను. కటాఫ్ 0.8 పెడితే వందల్లో వచ్చాయి, 0.95 పెడితే కొద్దిపాటే మిగిలాయి. ఏది సరైనది? ఆ జన్యువులను టీసీజీఏ (కణితుల జన్యు డేటాబేస్) ఊపిరితిత్తి అడినోకార్సినోమా (ఒక రకం క్యాన్సర్) డేటాతో పోలిస్తే సగానికి పైగా కణితిలో బాగా తగ్గి కనిపిస్తున్నాయి. వీటిని ట్యూమర్ సప్రెసర్లు (కణితిని అడ్డుకునే జన్యువులు) అనవచ్చా? ఊపిరితిత్తి జబ్బులకు పేరుపడ్డ సీఎఫ్‌టీఆర్, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ జన్యువులు మాత్రం నా జాబితాలో లేనే లేవు. ఎక్కడైనా పొరపాటు చేశానా? చివరగా, మా ల్యాబ్‌లో ఏ549 అనే ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలున్నాయి. వాటిలో ఎస్‌ఎఫ్‌టీపీసీని (సర్ఫాక్టెంట్ ప్రోటీన్-సి జన్యువును) నాక్‌డౌన్ చేసి, అంటే దాని వ్యక్తీకరణ తగ్గించి చూడమంటున్నారు. అది సరిపోతుందా?

జవాబు: మీ లెక్క పెద్దగా తప్పలేదు. చిక్కంతా లెక్క నుంచి అర్థం తీసే దగ్గర వస్తోంది. ఒక జన్యువు ఎక్కడ ఎక్కువగా వ్యక్తమవుతుందన్నది ఒక ప్రశ్న. అది చెడితే ఏ అవయవం దెబ్బతింటుందన్నది వేరే ప్రశ్న. రెండింటికీ ఒకే జాబితాలో జవాబు వెతికారు గనక సీఎఫ్‌టీఆర్ కనబడక కంగారుపడ్డారు. ఇంకో సంగతి కూడా మొదట్లోనే చెప్పుకోవాలి. 2020లో వచ్చిన ఒక ఏకకణ (ఒక్కో కణాన్నీ విడిగా చదివే) అధ్యయనం మనిషి ఊపిరితిత్తిలో 58 రకాల కణ సమూహాలను గుర్తించింది. మీరు ఏరిన జన్యువుల్లో చాలావరకు వాటిలో ఏ ఒకటి రెండు రకాల కణాలవో అయివుంటాయి. ‘ఊపిరితిత్తి జన్యువు’ అని మనం అంటున్నది నిజానికి ఒక కణం తాలూకు జన్యువు. మీ రెండో ప్రశ్నకు జవాబు ఈ మాటలోనే ఉంది.

ముందు కటాఫ్ సంగతి చూద్దాం. టౌ కోసం ప్రతి కణజాలంలోని విలువను గరిష్ఠ విలువతో భాగించి, వచ్చినదాన్ని 1 నుంచి తీసేసి, అన్నిటినీ కూడి, కణజాలాల సంఖ్యలో ఒకటి తగ్గించి దానితో భాగిస్తాం. జన్యువు అంతటా సమానంగా ఉంటే 0, ఒక్కచోటే ఉంటే 1 వస్తుంది. లాగ్ తీసుకున్నాక లెక్కించారా, తీసుకోకుండానా అన్నది మీ ఉత్తరంలో లేదు. చాలా థీసిస్‌లలోనూ ఉండదు. ఒక జన్యువు ఊపిరితిత్తిలో 100 టీపీఎం (ఆర్‌ఎన్‌ఏ మోతాదు కొలత), మూత్రపిండంలో 20, కాలేయం, గుండె, మెదడుల్లో సున్నా అనుకోండి. నేరుగా లెక్కిస్తే టౌ 0.95. అవే అంకెలకు 1 కలిపి లాగ్2 తీసుకుంటే ఊపిరితిత్తి విలువ 6.66, మూత్రపిండం విలువ 4.39 అవుతాయి, టౌ 0.84కు దిగుతుంది. జన్యువు అదే, డేటా అదే, కటాఫ్‌కు అటో ఇటో పడేది మాత్రం లాగ్‌ను బట్టి. కాబట్టి 0.8 సరైనదా 0.95 సరైనదా అన్న ప్రశ్నకు ఆ ఒక్క ముక్క తెలియకుండా జవాబు లేదు. లాగ్ తీసుకున్న విలువల మీద 0.8 నుంచి 0.85 మధ్య కటాఫ్ వాడటం మామూలు. మీరు 0.85 పెట్టుకోండి, లాగ్ తీసుకున్నట్టు పద్ధతుల అధ్యాయంలో స్పష్టంగా రాయండి.

కటాఫ్ కంటే ఎక్కువ తేడా తెచ్చేది పోలికలో ఏయే కణజాలాలను ఎలా లెక్కపెట్టారన్నది. జీటెక్స్ 8వ వెర్షన్‌లో 54 రకాల నమూనాలున్నాయి. వాటిలో రెండు ల్యాబ్‌లో పెంచిన కణాలు: ఫైబ్రోబ్లాస్టులు, వైరస్‌తో మార్చిన లింఫోసైట్లు. ఈ రెంటినీ తీసేయాలి. ఇక మెదడు ఒక్కటే 13 భాగాలుగా ఉంది. ఊపిరితిత్తిలో 100, మెదడులో అన్నిచోట్లా 50, మిగతా అంతటా సున్నా ఉన్న జన్యువును తీసుకోండి. 52 నమూనాలను విడివిడిగా లెక్కిస్తే టౌ 0.87. మెదడు భాగాలన్నిటినీ ఒక్కటిగా కలిపి, అలాగే చర్మం, పెద్దపేగు, అన్నవాహిక, ధమనులు, గుండె, కొవ్వు, మూత్రపిండం, గర్భాశయ ముఖద్వారం భాగాలను కూడా కలిపి 30 కణజాలాలు చేస్తే అదే జన్యువుకు 0.98. అవయవం స్థాయిలో మాట్లాడుతున్నప్పుడు కలపడమే న్యాయం. కానీ ఈ ఉదాహరణే ఇంకో లోపాన్ని కూడా చూపిస్తోంది: మెదడులో సగం మేర ఉన్న జన్యువుకు 0.98 రావడమేమిటి? అందుకే టౌ ఒక్కదాన్నే నమ్మకూడదు. రెండో స్థానంలో ఉన్న కణజాలంతో పోలిస్తే ఎన్ని రెట్లుందో పక్క నిలువు వరుసలో పెట్టుకోండి. హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ వాళ్లు ఒక కణజాలానికి ప్రత్యేకమైనది అనాలంటే మిగతా ఏ కణజాలం కంటే అయినా కనీసం 4 రెట్లు ఉండాలంటారు. రెండు నుంచి అయిదు కణజాలాలు కలిసి మిగతావాటి కంటే 4 రెట్లుంటే దాన్ని సమూహ ప్రత్యేకతగా వేరే గంపలో వేస్తారు. మీరూ రెండు జాబితాలు చేయండి. ఎన్‌కేఎక్స్‌2-1 ఊపిరితిత్తిలో, థైరాయిడ్‌లో ఉంటుంది. నాప్సిన్-ఏ ఊపిరితిత్తిలో, మూత్రపిండంలో ఉంటుంది. అడినోకార్సినోమా నిర్ధారణలో పాథాలజిస్టులు రోజూ చూసే మార్కర్లు ఈ రెండూ. కచ్చితమైన జాబితా ఒక్కటే పెట్టుకుంటే ఇవి జారిపోయే ప్రమాదముంది.

కనీస వ్యక్తీకరణ పరిమితి కూడా తప్పదు. దాతలందరి మధ్యస్థ విలువ ఊపిరితిత్తిలో కనీసం 1 టీపీఎం, వీలైతే 5 ఉండాలి. లేకపోతే ఊపిరితిత్తిలో 0.2, మిగతా అంతటా సున్నా ఉన్న జన్యువుకు కూడా టౌ 1 వచ్చి మీ జాబితా తలమీద కూర్చుంటుంది. మీకు వందల్లో వచ్చాయంటే ఈ పరిమితి పెట్టలేదేమోనని అనుమానం.

జాబితా తయారయ్యాక ఎస్‌ఎఫ్‌టీపీసీ, ఎస్‌ఎఫ్‌టీపీబీ, ఎస్‌ఎఫ్‌టీపీఏ1, ఎస్‌ఎఫ్‌టీపీఏ2, ఎస్‌సీజీబీ3ఏ2, ఏజీఈఆర్ అందులో ఉన్నాయో లేదో చూడండి. వీటిలో మొదటి నాలుగూ సర్ఫాక్టెంట్ (వాయుగోణులు ముడుచుకుపోకుండా ఉంచే పూత) జన్యువులు, అవి కచ్చితంగా పైనుండాలి. ఏజీఈఆర్ మిగతా కణజాలాల్లోనూ కొద్దికొద్దిగా ఉంటుంది గనక లాగ్ తీసుకున్న టౌలో కాస్త కిందికి దిగవచ్చు, అది మామూలే. ఎస్‌ఎఫ్‌టీపీఏ1, ఎస్‌ఎఫ్‌టీపీఏ2ల దగ్గర మాత్రం జాగ్రత్త. వాటి వరుసలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కచోటే అతికే రీడ్లను (చదివిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలను) మాత్రమే లెక్కించే పైప్‌లైన్ వాడితే రెండిటికీ సరిపోయే రీడ్లన్నీ పోయి, విలువలు నిజం కంటే చాలా తక్కువగా వస్తాయి. మీ సొంత నమూనాలను కూడా కలుపుతున్నట్టయితే ఆ రీడ్లను పంచి లెక్కించే శాల్మన్ లేదా ఆర్‌సెమ్ వాడండి.

ఊపిరితిత్తి నిండా రక్తనాళాలే. తీసిన ముక్కలో హిమోగ్లోబిన్ జన్యువులు, న్యూట్రోఫిల్ జన్యువులు పుష్కలంగా కనిపిస్తాయి. రక్తాన్నీ ప్లీహాన్నీ పోలికలో ఉంచినంతకాలం అవి జాబితాలోకి రావు, తీసేస్తే వచ్చిపడతాయి. మార్కో వంటి జన్యువులు కనిపిస్తే ఉంచండి కానీ పక్కన ‘మాక్రోఫేజ్’ అని రాసుకోండి. ముక్కు లోపలి పొర, శ్వాసనాళం జీటెక్స్‌లో లేవు. వాటిలోనే ఎక్కువగా ఉండే జన్యువు కూడా అక్కడ ఊపిరితిత్తి ప్రత్యేకంలాగే కనబడుతుంది.

ఇవి మరణానంతరం తీసిన నమూనాలన్నది మరిచిపోవద్దు. చాలామంది దాతలు చివరి గంటల్లో వెంటిలేటర్ మీదున్నవారు. వెంటిలేటర్, మరణం తర్వాత గడిచిన సమయం ఈ రెండూ ఊపిరితిత్తి వ్యక్తీకరణను మారుస్తాయి. జీటెక్స్ మెటాడేటాలో హార్డీ స్కేలు అని 0 నుంచి 4 వరకు అంకె ఉంటుంది. అందులో 0 అంటే వెంటిలేటర్ కేసు. ఆ దాతలను తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్క చేయండి. రెండుసార్లూ నిలబడిన జన్యువుల మీదే ముందుకెళ్లండి.

ఇక కణితిలో తగ్గిన జన్యువులు. ఈ ఒక్క పొరపాటు మీద కట్టిన నిర్ధారణలు ఎన్నో కనిపిస్తుంటాయి గనక దీన్ని నిదానంగా చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న ముక్కలో టైప్-2 కణాలు (వాయుగోణుల్లో సర్ఫాక్టెంట్ తయారుచేసేవి) 15 శాతం, కణితి ముక్కలో 3 శాతం అనుకుందాం. ఒక్కో కణంలో ఎస్‌ఎఫ్‌టీపీసీ రవ్వంతైనా మారలేదు. అయినా మొత్తం ముక్క ఆర్‌ఎన్‌ఏ కొలిస్తే 5 రెట్ల తగ్గుదల, అంటే లాగ్2లో మైనస్ 2.32 కనిపిస్తుంది. నమూనాలు వందల్లో ఉంటే పీ-విలువ కూడా అతి చిన్నగా వస్తుంది. అందులో జన్యు నియంత్రణ ఏమీ లేదు, కణాల జనాభా మారిందంతే. కణితి పెరిగిన చోట వాయుగోణుల పల్చటి గోడలు ఉండవు, వాటిని కప్పే టైప్-1 కణాలు ఉండవు, కేశనాళికల అల్లిక కూడా మారిపోతుంది. అందుకే టైప్-1 కణాల జన్యువైన ఏజీఈఆర్ దాదాపు ప్రతి ఊపిరితిత్తి క్యాన్సర్ డేటాలోనూ తగ్గిన జన్యువుల జాబితాలో పైన ఉంటుంది. పల్మనరీ ఫైబ్రోసిస్‌లోనూ అంతే, అక్కడ కూడా టైప్-1 కణాలు పోయి మచ్చకట్టిన కణజాలం వస్తుంది. తగ్గిందన్న ఒక్క ఆధారంతో ట్యూమర్ సప్రెసర్ అనకండి.

అనుమానం తీర్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మీ జాబితాను కణ రకాలవారీగా విడదీయండి. ఇందుకు హ్యూమన్ లంగ్ సెల్ అట్లాస్ చాలు. 2023లో వచ్చిన దాని సమీకృత రూపంలో 49 డేటాసెట్లు, 486 మంది, 24 లక్షల కణాలు ఉన్నాయి. టైప్-1 కణాల జన్యువులు ఏజీఈఆర్, ఆర్‌టీకేఎన్‌2, క్లిక్5 మూడూ కణితిలో ఇంచుమించు ఒకే నిష్పత్తిలో తగ్గితే కణాలు తగ్గాయని అర్థం. మిగతావి 4 రెట్లు తగ్గగా ఒక్కటి మాత్రం 30 రెట్లు తగ్గితే ఆ ఒక్కదాని మీద దృష్టి పెట్టవచ్చు. తర్వాత సైబర్‌సార్ట్-ఎక్స్ లేదా మ్యూజిక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రతి నమూనాలో కణాల వాటా అంచనా వేసి, ఆ వాటాలను డీసెక్2 అనే గణాంక సాఫ్ట్‌వేర్ మోడల్‌లో వయసు, లింగం, పొగతాగడం, బ్యాచ్‌లతో పాటు చేర్చండి. డీసెక్2కు ముడి కౌంట్లు ఇవ్వాలి, టీపీఎం ఇవ్వకూడదు. కణితులన్నీ టీసీజీఏ నుంచి, ఆరోగ్య నమూనాలన్నీ జీటెక్స్ నుంచి తెచ్చుకుంటే జబ్బు తేడా ఏదో బ్యాచ్ తేడా ఏదో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. టీసీజీఏలోని, కణితి పక్కనుంచి తీసిన కణజాలం పూర్తిగా ఆరోగ్యమైనది కాకపోయినా ఈ పనికి అదే మేలు.

ఏకకణ డేటాకు దాని తంటాలు దానికున్నాయి. టైప్-1 కణం చాలా పల్చగా, విశాలంగా ఉంటుంది. వాయుగోణుల ఉపరితలంలో దాదాపు 95 శాతాన్ని ఈ కణాలే కప్పుతాయి, కానీ ఎంజైములతో కణజాలాన్ని విడదీసేటప్పుడు ఇవే ముందుగా చిరిగిపోతాయి. కాబట్టి డేటాలో కనిపించే వాటాను శరీరంలోని వాటాగా రాయకండి. ఎస్‌ఎఫ్‌టీపీసీ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఎక్కువంటే, పగిలిన కణాల నుంచి ద్రావణంలోకి కారి టీ-కణాల్లో కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు సూప్-ఎక్స్ లేదా సెల్‌బెండర్‌తో ఆ మురికి తీయాలి. జబ్బున్నవారినీ లేనివారినీ పోల్చేటప్పుడు ఒక్కో కణాన్నీ ఒక్కో నమూనాగా లెక్కపెట్టవద్దు. వేల కణాలిచ్చినా మనిషి ఒక్కడే. ప్రతి వ్యక్తికీ ప్రతి కణ రకానికీ కౌంట్లను కూడి, వ్యక్తుల మధ్యే పోల్చండి.

ఉత్పరివర్తనల సంఖ్య చూసి కూడా మోసపోవద్దు. ఊపిరితిత్తి అడినోకార్సినోమాలో సర్ఫాక్టెంట్ జన్యువుల ప్రోటీన్ కోడ్ చేయని భాగాల్లో చిన్న చేర్పులు, తొలగింపులు తరచుగా కనిపిస్తాయని 2017లో తేలింది. వంశపారంపర్య మార్పులు కావవి, కణితిలో చేరినవే. ఆ కణాలు ఆ జన్యువులను అత్యధికంగా చదువుతుంటాయన్న సంగతితో ఆ మార్పులు ముడిపడి ఉన్నాయి. కాబట్టి మార్పులు ఎక్కువున్నంత మాత్రాన క్యాన్సర్‌కు అవే కారణమనుకోకూడదు. ఎన్‌కేఎక్స్‌2-1 సంగతి ఇంకా చిక్కు. కొన్ని అడినోకార్సినోమాల్లో దాని కాపీలు పెరిగి కణితి బతకడానికి తోడ్పడతాయి. కేఆర్‌ఏఎస్ మార్పుతో కణితి వచ్చే ఎలుకల్లో అది పోతే కణితి మరింత ఉధృతమవుతుంది. ఇలాంటి జన్యువుకు మంచిది, చెడ్డది అని ఒక్క ముద్ర వేయడం కుదరదు.

మూడో ప్రశ్న. సీఎఫ్‌టీఆర్ మీ జాబితాలో లేకపోవడం సరైన ఫలితమే. అది క్లోమంలో, పేగుల్లో, చెమట గ్రంథుల్లో కూడా పనిచేస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో జీర్ణసమస్యలు, ఉప్పెక్కువైన చెమట అందుకే వస్తాయి. శ్వాసమార్గంలో దాన్ని అత్యధికంగా వ్యక్తపరిచే అయనోసైట్లు చాలా అరుదైన కణాలు. వాటిని 2018లోనే గుర్తించారు. అంత అరుదైన కణం సంకేతం ముక్క మొత్తం సగటులో మునిగిపోతుంది. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ ఇంకా గొప్ప పాఠం చెబుతుంది. అది ప్రధానంగా కాలేయంలో తయారై రక్తంలో ఊపిరితిత్తికి చేరి, న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ కణజాలాన్ని తినేయకుండా అడ్డుకుంటుంది. ఈ జన్యువు లోపభూయిష్ఠమైన జెడ్ రూపంలో 342వ స్థానంలో గ్లుటామేట్ బదులు లైసీన్ వస్తుంది, ప్రోటీన్ కాలేయ కణాల్లోనే ముద్దకట్టి నిలిచిపోతుంది. ఊపిరితిత్తికి కాపు లేక ఎంఫసీమా (వాయుగోణుల గోడలు చెడిపోయే జబ్బు) వస్తుంది. అంటే జన్యువు కాలేయానిది, జబ్బు ఊపిరితిత్తిది. శైలికల (శ్వాసనాళాల్లో కఫాన్ని తోసే సన్నని నూగు) జన్యువులు డీఎన్‌ఏహెచ్‌5, డీఎన్‌ఏఐ1 వృషణాల్లోనూ ఉంటాయి గనక మీ వడపోతలో పోతాయి, కానీ అవి చెడితే ప్రైమరీ సిలియరీ డిస్కినేసియా వస్తుంది. క్రోమోజోముల చివరలైన టెలోమియర్లను కాపాడే టెర్ట్ ఏ అవయవానికీ ప్రత్యేకం కాదు, అయినా అందులోని మార్పులు కుటుంబాల్లో ఊపిరితిత్తి ఫైబ్రోసిస్ తెస్తాయి. వీటిని మీ జాబితాలోకి బలవంతంగా లాగవద్దు. వేరే పట్టికలో ‘ఊపిరితిత్తి జబ్బు జన్యువులు’ అని పెట్టి, రెండు పట్టికల్లో ఉమ్మడిగా ఎన్ని ఉన్నాయో చూపండి. ఆ పోలికకు నేపథ్యంగా ఊపిరితిత్తిలో వ్యక్తమయ్యే జన్యువులనే తీసుకోండి. మొత్తం 20 వేలను తీసుకుంటే లేని ప్రాముఖ్యత కనిపిస్తుంది.

ఏది నిజంగా కారణమన్నది తేల్చేది వంశపారంపర్య ఆధారం. ఎందుకంటే పుట్టుకతో వచ్చిన డీఎన్‌ఏ తేడాను జబ్బు మార్చలేదు. ఎస్‌ఎఫ్‌టీపీబీ రెండు కాపీలూ చెడితే శిశువుకు పుట్టిన వెంటనే తీవ్రమైన శ్వాస వైఫల్యం. ఏబీసీఏ3 లోపమూ నవజాత శిశువుల్లో అలాగే రావచ్చు. ఎస్‌ఎఫ్‌టీపీఏ2 మార్పులతో ఫైబ్రోసిస్, ఊపిరితిత్తి క్యాన్సర్ రెండూ కుటుంబాల్లో కనిపిస్తాయి. మామూలు జనాభాలో అయితే ఎంయూసీ5బీ (శ్లేష్మ ప్రోటీన్ జన్యువు) ప్రమోటర్‌లోని, అంటే జన్యువును నడిపించే భాగంలోని ఆర్‌ఎస్‌35705950 తేడా మంచి ఉదాహరణ. 2011లో ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్‌తో దాని సంబంధం బయటపడింది. ఆ తేడా ఉన్నవారిలో జబ్బు లేకపోయినా ఊపిరితిత్తిలో ఎంయూసీ5బీ ఎక్కువగా ఉంటుంది. అంటే పెరుగుదల జబ్బుకు ముందే ఉంది. మీ జన్యువులకూ ఇలాంటి ఆధారం ఉందేమో చూడాలంటే జీవాస్ (జబ్బుతో ముడిపడిన డీఎన్‌ఏ తేడాల సర్వే) ఫలితాన్నీ జీటెక్స్ ఈక్యూటీఎల్ (జన్యువు వ్యక్తీకరణను మార్చే డీఎన్‌ఏ తేడా)నూ కోలాక్ అనే గణాంక పద్ధతితో పోల్చండి. ఒకే తేడా రెండిటికీ మూలమన్న సంభావ్యత, అంటే హెచ్4, 0.8 దాటితే నిలబడుతుంది. ఏజీఈఆర్ మాత్రం 6వ క్రోమోజోముపై ఎంహెచ్‌సీ (రోగనిరోధక జన్యువుల గుంపు) ప్రాంతంలో ఉంది. అక్కడ పక్కపక్క తేడాలన్నీ గట్టిగా ముడిపడి ఉంటాయి గనక కోలాక్ ఫలితాన్ని ఊరకే నమ్మవద్దు. వంశపారంపర్య ఆధారం లేని జన్యువులు పనికిరానివేమీ కావు. టైప్-1 కణాలు దెబ్బతిన్నప్పుడు ఏజీఈఆర్ ప్రోటీన్ ముక్క రక్తంలో పెరుగుతుంది. సర్ఫాక్టెంట్ ప్రోటీన్-డి కూడా అలాగే రక్తంలోకి కారుతుంది. జబ్బును పసిగట్టే గుర్తుగా ఉండటానికి కారణం కానక్కర్లేదు. మీ థీసిస్‌లో కారణం, పర్యవసానం, గుర్తు అనే మూడింటిలో ఏది అంటున్నారో ప్రతి జన్యువు పక్కనా రాయండి.

ఏ549లో ఎస్‌ఎఫ్‌టీపీసీ నాక్‌డౌన్ మొదలుపెట్టవద్దు. ఈ కణాలను టైప్-2 నమూనా అని రాస్తుంటారు గానీ వాటిలో ఎస్‌ఎఫ్‌టీపీసీ దాదాపు ఉండదు. ముందు క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ మోతాదు కొలిచే పరీక్ష) చేయండి. సీటీ విలువ (ఎన్నో చక్రంలో సంకేతం కనబడిందో చెప్పే అంకె) 35 దాటితే లేనట్టే, లేనిదాన్ని ఇంకేం తగ్గిస్తారు? దీనికి తోడు, ఎస్‌ఎఫ్‌టీపీసీ మార్పులతో వచ్చే ఫైబ్రోసిస్‌కు ప్రోటీన్ కొరత ఒక్కటే మూలం కాదు. 197 అమైనో ఆమ్లాల ముడి ప్రోటీన్ తెగి, చివరికి 35 అమైనో ఆమ్లాల పూర్తి రూపం రావాలి. ఎల్‌188క్యూ వంటి బ్రైకోస్ అనే భాగపు మార్పులుంటే (188వ స్థానంలో ల్యూసీన్ బదులు గ్లుటమైన్ అని ఈ పేరుకు అర్థం) ప్రోటీన్ తప్పుగా ముడిచుకుని ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో (కణంలో ప్రోటీన్లు తయారై ముడుచుకునే చోట) ఇరుక్కుపోతుంది. ఐ73టీ మార్పుంటే వెళ్లాల్సిన చోటికి వెళ్లక కణత్వచం మీదికి చేరుతుంది. కణానికి హాని ఈ తప్పుడు ప్రోటీన్ వల్లనే.

మీ దగ్గరున్న ఏ549నే దీనికి వాడుకోవచ్చు. సహజమైన ఎస్‌ఎఫ్‌టీపీసీ, ఎల్‌188క్యూ, ఐ73టీ, ఖాళీ వెక్టర్ (జన్యువు లేని వాహక డీఎన్‌ఏ) ఈ నాలుగింటినీ విడివిడిగా ప్రవేశపెట్టండి. జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) ట్యాగ్‌ను ఎన్-చివరకే పెట్టాలి, సీ-చివర తెగిపోతుంది గనక అక్కడ పెట్టిన ట్యాగ్ ఊడి వేరే చోటికి వెళ్లి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. 48 గంటల తర్వాత ప్రోటీన్ ఎక్కడుందో మైక్రోస్కోపులో చూడండి, రెటిక్యులం ఒత్తిడికి గుర్తులైన హెచ్‌ఎస్‌పీఏ5 మోతాదు, ఎక్స్‌బీపీ1 స్ప్లైసింగ్ కొలవండి. ఒత్తిడి వస్తే ఎలా కనిపిస్తుందో తెలియడానికి ఆ ఒత్తిడి తెచ్చే ట్యూనికామైసిన్ వేసిన ఒక గిన్నె ఉంచండి. ఎల్‌188క్యూలో రెటిక్యులం ఒత్తిడి కనబడి ఐ73టీలో అంతగా కనబడకపోతే ప్రయోగం చెడిందనుకోవద్దు, రెండిటి దారులూ వేరు. కనీసం మూడు సార్లు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజీల (తిరిగి నాటిన విడతల) కణాలతో చేయండి. ఒకే రోజు మూడు గిన్నెల్లో చేసినవి మూడు ప్రయోగాల కింద లెక్కకు రావు.